ఎర్రగడ్డ దానంతట అదే తగ్గుతుందని మొదట చెప్పిందెవరు?

పసిబిడ్డ పెదవి మీదో కంటి పక్కనో ఎర్రగడ్డ పెరిగి, పుండు పడి, రక్తం కారాక గానీ ఆసుపత్రికి తీసుకురారని తల్లిదండ్రులను తిట్టడం మళ్ళీ మొదలైంది. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో పిల్లల ఓపీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న గొడవే ఇది. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా, పసరు పూసినారా, తాయెత్తు కట్టినారా?" అంటారు డాక్టర్లు. "చూపించినాము సార్. అదే తగ్గిపోతుంది, దాని జోలికి పోవద్దన్నారు" అంటుంది తల్లి. చర్చంతా డాక్టర్ల ప్రశ్న చుట్టే తిరుగుతోంది. తల్లి జవాబు ఎక్కడ పుట్టిందో చూస్తే గానీ తప్పెవరిదో తేలదు.

గడ్డ గురించి రెండు ముక్కలు చాలు. రక్తనాళాల లోపలి పొర కణాలు అతిగా పెరిగితే ఇది వస్తుంది. వైద్యులు హీమాంజియోమా అంటారు. క్యాన్సర్ కాదు. నూటికి నలుగురైదుగురు పసిపిల్లల్లో కనిపిస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో ఎక్కువ. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, కడుపుతో ఉన్నప్పుడు కోడలు తిన్నదానికీ లేదు.

అసలు మలుపు 2008లో వచ్చింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ముక్కు మీద గడ్డ ఉన్న ఒక బిడ్డకు స్టెరాయిడ్లు ఇస్తున్నారు. మధ్యలో గుండె కండరం జబ్బు బయటపడి, ప్రొప్రనొలాల్ అనే పాత గుండె మందు మొదలుపెట్టారు. మరుసటి రోజుకే ఎర్రగా బిగిసి ఉన్న గడ్డ ఊదారంగుకు తిరిగి మెత్తబడింది. చర్మవైద్యురాలు క్రిస్టీన్ లేయోటే-లాబ్రెజ్ బృందం మొత్తం 11 మంది పిల్లల్లో చూసిన ఫలితాన్ని ఆ ఏడాది జూన్‌లో ప్రకటించింది. 2014 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ ఈ వాడకానికి అనుమతిచ్చింది. 2015లో వచ్చిన పెద్ద పరీక్షలో 6 నెలలు మందు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళలో అది 4 శాతమే.

అంతకుముందు 'వదిలేయండి' అన్న సలహా తప్పేమీ కాదు, నిజానికి అది దయతో చెప్పిన మాట. ఒకప్పుడు ఈ గడ్డలకు రేడియం పెట్టేవాళ్ళు, ఎక్స్‌రేలతో కాల్చేవాళ్ళు, కోసేవాళ్ళు. చాలావరకు వాటంతట అవే కుంచించుకుపోతాయని 1938లో ఇంగ్లండు వైద్యుడు లిస్టర్ పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి రాశాక ఆ బాధ తప్పింది. 1960ల నుంచి స్టెరాయిడ్లు వచ్చినా వాటి దుష్ఫలితాలు వాటికి ఉండేవి. తర్వాత వచ్చిన ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో కొందరు పిల్లలకు కాళ్ళు బిగుసుకుపోయాయి. జబ్బు కంటే మందే ప్రమాదమైన రోజుల్లో ఆగమనడమే సరైన వైద్యం. కొన్ని తరాల డాక్టర్లు అదే చదువుకున్నారు, అదే చెప్పారు. 2008తో ఆ లెక్క మారిపోయింది. మారిన సంగతి కింది దాకా రాలేదు. మన ఊళ్ళలో పాత మాటే నడుస్తోంది, నింద మాత్రం తల్లుల మీద పడుతోంది.

ఆ తల్లి ఫోన్ తెరిచి చూడండి. పురిటిస్నానం నాటి ఫోటోలో సూదిమొనంత చుక్క, దోమ కుట్టిందేమో అనుకునేలా. పేరుపెట్టి తొట్టిల్లో వేసిన రోజుకు కందిగింజంత. రెండో నెలలో ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ. ఈ గడ్డ అన్నిటికంటే వేగంగా పెరిగేది 5 నుంచి 8 వారాల మధ్య. 3 నెలలకు చివరి సైజులో 80 శాతానికి చేరిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బిడ్డ ప్రభుత్వం కళ్ళ ముందు ఉంటుంది. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆరో వారంలో మొదటి పెంటావాలెంట్ టీకా. అంటే గడ్డ ఉరకలు వేసే వారంలోనే బిడ్డ ఒళ్ళు ఆరోగ్య సిబ్బంది చేతుల్లో ఉంటుంది. కానీ పిల్లల్లో జబ్బులను ముందే పట్టడానికి 2013లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాలంటూ ఇచ్చిన 9 పేర్లలో ఇది లేదు. వెతకమని ఎవరూ చెప్పని దాన్ని ఏఎన్ఎం ఎందుకు వెతుకుతుంది? ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోయే కుటుంబాల్లోనైతే బాలింత కూడా బిడ్డనెత్తుకుని బయల్దేరాల్సిందే. తిరిగొచ్చేసరికి ఆ వారాలు దాటిపోతాయి.

డాక్టర్ల వైపు మాటలోనూ నిజముంది. పసర్లు, వాతలు పుండును ముదరబెడతాయి. ప్రొప్రనొలాల్ కూడా ఆషామాషీ మందు కాదు. మొదలుపెట్టే ముందు గుండె, ఊపిరి చూడాలి. పాలు తాగని పూట ఇస్తే చక్కెర పడిపోతుంది. అందుకే మెడికల్ షాపులో అడిగి వేసేది కాదు. గడ్డలన్నిటికీ అక్కర్లేదు కూడా: వీపు మీద చిన్న మచ్చ ఉంటే చూస్తూ ఉండొచ్చు. కన్ను, ముక్కు, పెదవి, జననాంగాల దగ్గరున్నవి, పుండు పడేవి అయితే ఆలస్యం చేయకూడదు. ఇలాంటి బిడ్డను నెల నిండేలోపే నిపుణులకు చూపించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో చెప్పింది.

ఇంకో రకం పిల్లలున్నారు. 1982లో బోస్టన్‌లో మల్లికెన్, గ్లోవాకీ అనే ఇద్దరు పరిశోధకులు కణాలను పరిశీలించి వీళ్ళను వేరుచేశారు. వీళ్ళది నాళాలు పుట్టుకతోనే వంకరగా అల్లుకోవడం. అది కుంచించుకుపోదు, బిడ్డతోపాటే పెరుగుతుంది, ప్రొప్రనొలాల్‌కు లొంగదు. నుదురు, కనురెప్ప మీద పుట్టుకతోనే చదునుగా ద్రాక్షరంగు మచ్చ ఉంటే ఫిట్స్, కంటి ఒత్తిడి రావచ్చు. మెత్తగా నీలంగా ఉండి, ఏడ్చినప్పుడు ఉబ్బితే సిరలది. సూదితో మందెక్కించి ముడుచుకునేలా చేస్తారు. ముట్టుకుంటే వెచ్చగా, నాడిలా కొట్టుకుంటే ధమనులది. యాంజియోగ్రామ్ చేసి రక్తం పారే దారిని లోపలినుంచే మూస్తారు. వీళ్ళకూ 'తగ్గిపోతుంది' అనే చెప్పి పంపారు. ఇరవై ఏళ్ళకు కాలు బరువెక్కి, రక్తం కారుతూ బెంగళూరు, హైదరాబాదు, తిరుపతి బస్సులెక్కేది వీళ్ళే. చాలా కేసుల్లో రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్ మొదట్లోనే తేడా చెప్పగలదు.

మొదటి రకం పిల్లలకు అంత దూరం పోయే పని పెద్దగా లేదు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, వాటిలో పిల్లల విభాగం, చర్మ విభాగం ఉన్నాయి. మందు ఖరీదైనది కాదు. ఐదు కిలోల బిడ్డకు కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన చూసినా రోజుకు 10 మిల్లీగ్రాములే, అదీ రెండు పూటలుగా. లేనిదల్లా ఆశా కార్యకర్త నింపే ఫారంలో ఒక గడి: ఎర్రమచ్చ ఉందా, పోయినసారి కంటే పెరిగిందా? ఆ గడి పెట్టాల్సింది జిల్లా వైద్యాధికారులు.