చెమ్మ లేని చోటు

అమలాపురంలో మా ఇంటి బీరువాలో ఒక బైనాక్యులర్ ఉంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి కటకం లోపల సాలెగూడులా బూజు అల్లుకుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధగా గుడ్డ చుట్టి పెట్టినా దక్కలేదు. చుట్టూ కాలువలు, చేలు. గాలిలో చెమ్మ ఎక్కడికి పోతుంది? బాగుచేసే ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “పై పూత కూడా తినేసిందండీ” అన్నారు.

అరచేయంత గాజుకే ఈ గతి పడితే టెలిస్కోప్‌లో వాడే 39 మీటర్ల అద్దాన్ని ఎక్కడ పెట్టాలి? ఐరోపా ఖగోళశాస్త్రజ్ఞులు చిలీలోని అటకామా ఎడారికి వెళ్లారు. అక్కడ సెరో అర్మజోనెస్ అనే కొండ మీద, 3,046 మీటర్ల ఎత్తున, ఎక్స్‌ట్రీమ్‌లీ లార్జ్ టెలిస్కోప్ కడుతున్నారు. మన వైపు పల్లపు స్థలంలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయాలి. వాళ్లు 2014 జూన్‌లో కొండ నెత్తినే పేల్చి చదును చేశారు.

అంత దూరం పోవడం అద్దానికి బూజు పడుతుందన్న భయంతో కాదు. గాలిలోని నీటి ఆవిరి నక్షత్రాల నుంచి వచ్చే, కంటికి కనబడని పరారుణ కాంతిని మింగేస్తుంది. పైగా వేడి గాలి, చల్లగాలి కలిసిన చోట కాంతి దారి మారుతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద దూరపు బస్సు నీళ్లలో ఊగినట్టు కనబడేది అందుకే. చుక్కలు మిణుకుమనడమూ అదే. కవులకు అది అందం, ఖగోళశాస్త్రజ్ఞులకు తలనొప్పి. కొండెక్కితే ఆ గాలి చాలావరకు కిందే ఉండిపోతుంది. మిగిలిన వణుకును సరిచేయడానికి ఈ దూరదర్శినిలో 2.4 మీటర్ల పలుచని అద్దం ఒకటుంది. దాని వెనక అయిదు వేలకు పైగా చిన్న పరికరాలు సెకనుకు వెయ్యిసార్లు దాకా దాని ఆకారాన్ని మారుస్తాయి.

39 మీటర్ల ప్రధాన అద్దాన్ని ఒకే ముక్కగా పోయడం కుదరదు. అందుకే తేనెపట్టు గదుల్లా 798 ఆరు పలకల ముక్కలు. ఒక్కొక్కటి సుమారు మీటరున్నర వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి గానీ 133 రకాలున్నాయి, రకానికి ఆరు చొప్పున. రకానికి ఇంకొకటి అదనంగా చేస్తున్నారు. ఎడారిలోనూ దుమ్ముకు, కాలానికి వెండి పూత మసకబారుతుంది మరి. మసకబారిన ముక్కను విప్పి, దాని జంటను బిగించి, విప్పినదానికి మళ్లీ కొత్త పూత వేస్తారు. అలా రోజుకు ఒకటి రెండు ముక్కల చొప్పున మార్చుకుంటూ పోతే చివరిదాకా వచ్చేసరికి మొదటిదాని వంతు మళ్లీ వచ్చేస్తుంది.