ఏరువాక పాటలో ఆడిన అమ్మాయి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. మీ క్షేమ సమాచారాలు తెలియజేస్తూ ఉండండి.

మొన్న సెలవులకు మీరు వచ్చినప్పుడు టీవీలో ‘ఏరువాక సాగారో’ పాట వస్తుంటే మీ నాయనమ్మ “అదిగో, వహీదా రెహమాన్” అన్నది. మీలో ఒకరు “ఆవిడ హిందీ సినిమా ఆవిడ కదా, మన పాటలో ఎందుకున్నది?” అని అడిగారు. నేను జవాబు మొదలుపెట్టేలోపే మీ బండికి వేళయింది. అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు తీరికగా వ్రాస్తున్నాను.

వహీదా రెహమాన్ 1938 ఫిబ్రవరి 3న తమిళదేశంలోని చెంగల్పట్టులో పుట్టారు. ఆమె హైదరాబాదులో పుట్టారని చాలాకాలం పత్రికలు వ్రాశాయి గాని, అది పొరపాటని ఆమే చెప్పారు. తండ్రి ప్రభుత్వోద్యోగి కావడం వల్ల బదిలీల మీద ఊళ్ళు తిరిగారు. విశాఖపట్నంలోని కాన్వెంటులో చదువుకున్నారు. నలుగురు అక్కచెల్లెళ్ళలో ఆమె చివరిది. డాక్టరు కావాలని చిన్నప్పుడు కోరిక ఉండేదట. ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబంలోని పిల్ల భరతనాట్యం నేర్చుకుంటానంటే ఆ రోజుల్లో వింతగానే ఉండేది. గురువు గారు మొదట జాతకం చూడాలన్నారనీ, తమలో జాతకాలు వేయించే అలవాటు లేదని చెబితే పుట్టినరోజు అడిగి ఆయనే జాతకం వేసుకొని చూసి అప్పుడు శిష్యురాలిగా చేర్చుకున్నారనీ ఆమె చెప్పుకున్నారు. ఆమె కౌమారంలో ఉండగానే తండ్రి పోయారు, తల్లి ఆరోగ్యం అంతంతమాత్రం. ఇక డాక్టరు చదువు ఎక్కడిది? చేతిలో ఉన్న విద్య నాట్యమొక్కటే.

ఆ పరిస్థితిలో వచ్చింది ‘రోజులు మారాయి’. 1955లో తాపీ చాణక్య గారి దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాలో నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు గారు, నాయిక షావుకారు జానకి గారు. వహీదాకు ఉన్నది ఒక్క నాట్యం మాత్రమే, కథలో ఆమెకు పాత్ర లేదు. కొసరాజు గారు వ్రాసిన ఆ పాటకు మాస్టర్ వేణు గారు సంగీతం కూర్చగా జిక్కి గారు పాడారు. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొని ఆ సినిమా చూసినప్పుడు నాకు మీ వయసు కూడా లేదు. పాట అయిపోగానే జనం లేచి మళ్ళీ వేయమని ఒకటే గోల చేయడమూ, ఆపరేటరు ఎంతకీ వినకపోవడమూ నాకు బాగా గుర్తు. పొలం పనులు తెలిసిన వాళ్ళు ఆ పాటను తమ పాటే అనుకున్నారు. ఆ ఏడాదే ఆమె రామారావు గారి ‘జయసింహ’లో కూడా నటించారు.

ఇక బొంబాయి సంగతి. హిందీ దర్శకుడు గురుదత్, ఆయన రచయిత అబ్రార్ అల్వీ మన ‘మిస్సమ్మ’ను హిందీలో తీయవచ్చునేమో చూద్దామని కారులో హైదరాబాదుకు బయలుదేరారు. కారు ఒక గేదెను గుద్దుకొని చెడిపోయింది. మరమ్మతు అయ్యేదాకా ఊళ్ళో ఉండక తప్పలేదు. ఒకనాడు డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో కూర్చొని ఉండగా వీధిలో జనం కేకలు వినిపించాయి. ఏమిటని అడిగితే, ‘రోజులు మారాయి’లో నాట్యం చేసిన అమ్మాయి వెళ్తున్నదని చెప్పారు. ఈ వృత్తాంతాన్ని తరువాత అబ్రార్ అల్వీయే చెప్పారు. ఒక్క పాటకే ఇంత ఆర్భాటమా అని గురుదత్‌కు ఆశ్చర్యం కలిగింది. ఆ అమ్మాయిని పిలిపించి, ఉర్దూ మాట్లాడగలదని తెలుసుకొని బొంబాయికి తిరిగి వెళ్ళారు. కొన్ని నెలల తరువాత కబురు పంపారు. మిస్సమ్మను మాత్రం ఆయన తీయలేదు. ఆ గేదె ఎవరిదో గాని, హిందీ సినిమా ఆ రైతుకు బాకీ పడి ఉన్నది.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది దీని తరువాత జరిగినది. తల్లితో కలిసి బొంబాయి వెళ్ళిన వహీదాకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు కనుక కాంట్రాక్టు మీద తల్లి సంతకం చేయవలసి ఉన్నది. గురుదత్ సంస్థ తీయబోయే ‘సి.ఐ.డి.’ దర్శకుడు రాజ్ ఖోస్లా పేరు మార్చుకోవాలన్నారు. దిలీప్ కుమార్, మధుబాల, మీనా కుమారి వీళ్ళెవరివీ తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు, కాబట్టి ఇది కొత్త కోరికేమీ కాదు. అయినా ఆమె ససేమిరా అన్నారు. తండ్రి లేడు, ఇంటిలో ఆదాయం లేదు, వచ్చినది బొంబాయిలో మొదటి అవకాశం. ఎదుటనున్నది పేరు పొందిన సంస్థ. ఇన్నీ తెలిసి కూడా తన పేరు తనకే ఉండాలన్నారు. అంతటితో ఆగక, తనకు నచ్చని బట్టలు కట్టుకోనని కూడా కాంట్రాక్టులో వ్రాయమన్నారు. చేయి తిరిగిన తారలు కూడా ఆ షరతు పెట్టి ఉండరు. గురుదత్ ఆలోచించి, కొన్నాళ్ళ తరువాత ఒప్పుకున్నారు.

ఆ షరతు కాగితానికే పరిమితం కాలేదు. ‘సి.ఐ.డి.’లో ‘కహీ పే నిగాహేఁ’ పాట తీసేటప్పుడు ఇచ్చిన దుస్తులు మరీ పల్చగా ఉన్నాయనీ, కప్పుకోవడానికి ఏదైనా ఇస్తేనే గాని కెమెరా ముందుకు రాననీ ఆమె కూర్చుండిపోయారు. షూటింగు ఆగింది. దర్శకుడికి కోపం వచ్చింది. సంగతి గురుదత్ దాకా పోయింది. చివరికి ఆమె మాటే నెగ్గింది. ఆమె తరువాతి జీవితంలోని చాలా నిర్ణయాలకు మూలం ఆ ఒక్క రోజులో కనిపిస్తుందని నా అభిప్రాయం.

1956లో ‘సి.ఐ.డి.’ విజయవంతమైంది. మరుసటి ఏడు ‘ప్యాసా’లో, లోకం వెలివేసిన గులాబో పాత్రలో ఆమె కనిపించారు. కథానాయకుడైన కవి విలువ పెద్దమనుషులకు తెలియకపోయినా ఆ గులాబోకు తెలుస్తుంది. 1959లో వచ్చిన ‘కాగజ్ కే ఫూల్’ మన దేశపు మొదటి సినిమాస్కోప్ (వెడల్పాటి తెర) చిత్రం. అందులో ‘వక్త్ నే కియా’ పాటలో ఒక వెలుగు స్తంభం పైనుంచి ఏటవాలుగా దిగుతుంది. దానికి ఆ వైపున ఆమె, ఈ వైపున గురుదత్. మైసూరు వాడైన ఛాయాగ్రాహకుడు వి. కె. మూర్తి స్టూడియో బయట ఒక అద్దమూ లోపల మరొక అద్దమూ పెట్టించి, నిజమైన ఎండనే మళ్ళించి లోపలికి పంపారు. ఆ చిత్రం ఆడలేదు. తరువాత గురుదత్ తన పేరుతో మరొక చిత్రానికి దర్శకత్వం వహించలేదు, 1964లో మరణించారు. వాళ్ళిద్దరి గురించి చాలామంది చాలా వ్రాశారు. తన సొంత విషయాలు తనవేనని ఆమె అంటూ వచ్చారు కనుక నేనూ ఆ జోలికి పోను.

‘చౌదవీ కా చాంద్’ పాట ముచ్చట మాత్రం మీకు నచ్చుతుంది. నలుపు తెలుపు చిత్రంలో ఆ పాటను మళ్ళీ రంగుల్లో తీశారు. రంగుల ఫిల్ముకు దీపాల వెలుతురు చాలా ఎక్కువగా కావలసి వచ్చేది, ఆ వేడికి ఆమె కళ్ళు ఎర్రబడేవి, షాటుకూ షాటుకూ నడుమ మంచు పెట్టుకొనేవారట. ఆమె అందాన్ని పొగిడే ఆ పాట చూసేటప్పుడు ఆ మంచుముక్కలను కూడా తలుచుకోండి.

1965 నాటి ‘గైడ్’ ఆమెకు పెద్ద పరీక్ష. ఆర్. కె. నారాయణ్ గారి నవల ఆధారంగా తీసిన ఆ కథలో నాయిక రోజీ భర్తను విడిచి, తన నాట్యాన్ని వెతుక్కుంటూ వస్తుంది. అప్పటి హిందీ సినిమాలో పతివ్రతలకే హారతులు. ఇటువంటి పాత్ర వేస్తే ప్రేక్షకులు దూరమవుతారని ఆమెతో చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆ చిత్ర నాయకుడు దేవానంద్ మాత్రం రోజీ అంటే వహీదాయేనని పట్టుబట్టారు. గడ్డి వేసుకొని పోతున్న లారీ మీద కూర్చొని, బంధనాలు తెంచుకున్నానని పాడుతూ, చేతిలోని కుండను రోడ్డు మీదికి విసిరివేసే దృశ్యం చూడండి. ఆ ముఖంలోని ఆనందం నటన అనిపించదు. చిన్నప్పటి నుంచి నేర్చిన నాట్యమంతా ఆ సినిమాలో ఖర్చుపెట్టారు. దానికి ఫిలింఫేర్ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 1971 నాటి ‘రేష్మా ఔర్ షేరా’కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. సత్యజిత్ రాయ్ గారి బెంగాలీ చిత్రం ‘అభిజాన్’, రాజ్ కపూర్‌తో ‘తీస్రీ కసమ్’, నర్సుగా నటించిన ‘ఖామోషీ’ కూడా చూడదగినవే.

మనకు సంబంధించిన మరొక సంగతి. రామారావు గారి ‘రాముడు భీముడు’ను 1967లో దిలీప్ కుమార్‌తో ‘రామ్ ఔర్ శ్యామ్’గా తీసినది తాపీ చాణక్య గారే, నిర్మించినది బి. నాగిరెడ్డి గారే, నాయికల్లో ఒకరు వహీదాయే. పన్నెండేళ్ళ కిందట పాత్ర లేకుండా ఒక్క పాటలో ఆడించిన దర్శకుడు అదే అమ్మాయిని ఈసారి నాయికగా చూపించారు.

1974లో ఆమె నటుడు కమల్‌జీత్‌ను వివాహమాడి, తరువాత బెంగుళూరు దగ్గర పొలంలో స్థిరపడ్డారు. పిల్లలు ఇద్దరు. వయసు దాచుకోలేదు. 1976లో ‘అదాలత్’లో అమితాబ్ బచ్చన్‌కు భార్యగా వేసిన ఆమె, రెండేళ్ళకే ‘త్రిశూల్’లో ఆయనకు తల్లిగా వేశారు. 2000లో భర్త పోయిన తరువాత బొంబాయికి తిరిగి వచ్చి మళ్ళీ నటించారు. పెద్దవయసులో కెమెరా పట్టి అడవి మృగాలను ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. 1972లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్ వచ్చాయి. 2021వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని 2023లో అందుకున్నారు.

ఈసారి వచ్చినప్పుడు మీకు ‘గైడ్’ చూపిస్తాను. మూడు గంటల చిత్రం, ఓపిక పట్టాలి. దానికంటే ముందు 2006లో వచ్చిన ‘చుక్కల్లో చంద్రుడు’ ఎక్కడైనా దొరికితే చూడండి. అందులో నాగేశ్వరరావు గారూ ఉన్నారు, వహీదా గారూ ఉన్నారు. ‘రోజులు మారాయి’కి, దానికి నడుమ యాభై ఒక్క ఏళ్ళు గడిచాయి. ఆ ఇద్దరినీ తెర మీద చూసి మీ నాయనమ్మ కళ్ళు తుడుచుకున్నది. నేను చూడనట్టు కూర్చున్నాను.

ఇట్లు,
మీ తాతయ్య