ట్యూబ్ యాంప్లిఫయర్లను పోల్చాలంటే ముందు మల్టీమీటర్ తీయండి

ఒకే జత స్పీకర్లకు ముందు 300బి ట్యూబు ఒక్కటే తరంగమంతా మోసే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్, తర్వాత ఈఎల్34 ట్యూబులు జతగా పంచుకుని మోసే పుష్‌పుల్ యాంప్లిఫయర్ తగిలించి వింటే తేడా తెలుస్తుంది. చాలామంది దాన్ని ట్యూబు గుణం అనేస్తారు. కానీ అందులో పెద్ద వాటా అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ది, అంటే స్పీకర్‌కు వెళ్లే కరెంటుకు యాంప్ లోపలే ఎదురయ్యే అడ్డుది. దాన్ని ఇంట్లోనే కొలవొచ్చు.

ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పు సరిదిద్దే పద్ధతి) లేని 300బి యాంప్‌లో ఇది 2 నుంచి 3 ఓమ్‌లు ఉండటం మామూలే. స్పీకర్ వెనక 8 ఓమ్‌లని రాసి ఉన్నా, అసలు ఇంపెడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4కి దిగి, మరో చోట 20కి ఎక్కవచ్చు. యాంప్‌ది 2 ఓమ్‌లైతే, స్పీకర్ 4 ఓమ్‌లున్న చోట శబ్దం 3.5 డెసిబెల్స్ తగ్గుతుంది, 20 ఉన్న చోట 0.8 మాత్రమే. అంటే స్పీకర్ ఇంపెడెన్స్ గ్రాఫ్ ఎలా వంకర తిరిగితే పాట కూడా అలాగే, 2.7 డెసిబెల్స్ మేర వంకర తిరుగుతుంది. అదే ఈఎల్34 యాంప్‌ది 0.5 ఓమ్ అయితే ఆ వంకర 0.8 డెసిబెల్ దాటదు. గొంతు ముందుకొచ్చినట్టో, బేస్ ఉబ్బినట్టో అనిపించడానికి ఇంతకు మించిన కారణం చాలాసార్లు అక్కర్లేదు.

కొలవడానికి 8 ఓమ్‌ల, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు రెండు కావాలి. ముందు ఒక్కటే లోడ్‌గా పెట్టి, 400 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, టెర్మినల్స్ దగ్గర 2.00 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ పెట్టండి. యాంప్ ఆపి రెండింటినీ సిరీస్‌లో కలపండి. వాల్యూమ్ కదపకుండా మళ్లీ ఆన్ చేసి, వేడెక్కాక చూస్తే 2.22 వచ్చిందనుకుందాం. కరెంటు 0.25 నుంచి 0.139 ఆంపియర్‌కు తగ్గింది. వోల్టేజి తేడాను కరెంటు తేడాతో భాగిస్తే 2 ఓమ్‌లు. లోడ్ లేకుండా ట్యూబ్ యాంప్‌కు సిగ్నల్ ఇవ్వకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగిసి ఇన్సులేషన్ పోవచ్చు. పెట్టె లోపల 400 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. మూత తీయాల్సిన పని ఏదీ ఇందులో లేదు.

తర్వాత వాల్యూమ్ సరిపోల్చాలి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, కాబట్టి 0.1 డెసిబెల్, అంటే వోల్టేజిలో సుమారు 1 శాతం లోపు సరిపోవాలి. స్పీకర్ తగిలించి ఒకే టోన్‌తో సరిచేస్తే ఇక్కడో చిక్కుంది. ఆ టోన్ స్పీకర్ ఇంపెడెన్స్ శిఖరం మీద పడితే 300బి యాంప్‌కు వాల్యూమ్ తక్కువ పెట్టినట్టవుతుంది, లోయలో పడితే ఎక్కువ. పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు), ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ (ఏ ఆకారపు తరంగానికైనా సరైన వోల్టేజి చూపేది) వాడటం మేలు.

రెండు యాంప్‌లూ అరగంట వేడెక్కాలి, ఈఎల్34 బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ట్యూబులో పారే కరెంటును నిర్ణయించే సెట్టింగ్) కూడా అప్పుడే చూడాలి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టుల మీద నిలవదు, దానితోపాటు బయాస్ కూడా కదులుతుంది. పోలిక ఒకే పూటలో ముగించండి. మార్చే స్విచ్ స్పీకర్ వైర్లు రెండింటినీ తెంపాలి, విననప్పుడు యాంప్‌ను 8 ఓమ్‌ల రెసిస్టర్ మీదకు మళ్లించాలి.

300బి ఇచ్చేది 8 వాట్లే. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకు మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకర్‌తో మీటరు దూరంలో 95 డెసిబెల్స్ దగ్గర అయిపోతుంది. మృదంగం దెబ్బ అది దాటితే మీరు పోలుస్తున్నది క్లిప్పింగ్‌ను, అంటే శక్తి చాలక తరంగం కొసలు తెగిపోవడాన్ని.

ఏ యాంప్ మోగుతోందో తెలియకుండా వినండి. మార్చేవాళ్లు ప్రతిసారీ నాణెం ఎగరేసి ఎంచుకోవాలి. 16 సార్లలో 12 సరిగా చెప్పగలిగితే, అది గుడ్డిగా తగిలే అవకాశం 4 శాతం లోపే.

చివరిగా, 0.5 ఓమ్ యాంప్‌కు, స్పీకర్‌కు మధ్య 1.5 ఓమ్‌ల, 25 వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, వాల్యూమ్ మళ్లీ సరిపోల్చి వినండి. ఇంపెడెన్స్ వల్ల వచ్చిన తేడా పోతుంది. ఇంకా తేడా వినిపిస్తే సింగిల్ ఎండెడ్‌లో ఎక్కువగా పుట్టే రెండో హార్మోనిక్‌నో (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర అదనంగా కలిసే స్వరం), లోతైన బేస్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఇంకా అయస్కాంతత్వం పట్టలేక సాచురేట్ అవుతోందేమోనో చూడాలి.