బాగా వినపడటం వేరు, బాగుండటం వేరు

“దీంట్లో బాగా వినపడుతోంది” అన్నాడు మా మిత్రుడు. టేబుల్ మీద రెండు మ్యూజిక్ ప్లేయర్లు పెట్టి, ఒకే జత ఇయర్‌ఫోన్లు దీనికోసారి దానికోసారి తగిలించి, ఏది మేలో చెప్పమన్నాను. ఒకటి అగ్గిపెట్టెంత ఉండి చొక్కాకు క్లిప్పుతో పెట్టుకునేది. రెండోది అరచేతినిండా వచ్చే టచ్‌స్క్రీన్ ప్లేయర్. అతను మెచ్చుకున్నది పెద్దదాన్ని.

మన భాషలో ఆ మాటకు రెండర్థాలు. ఫోన్లో “బాగా వినపడుతోందా?” అని అడిగితే గట్టిగా వినపడుతోందా అని. పాట వింటూ అంటే కమ్మగా ఉందని. మా వాడు చెప్పాననుకున్నది రెండోది. కొలిచి చూస్తే అతను చెప్పింది మొదటిదని తేలింది. పెద్ద ప్లేయర్ చిన్నదాని కంటే 2 డెసిబెళ్లు ఎక్కువగా పలుకుతోంది, అంతే.

రెండు డెసిబెళ్లంటే కొంచెమే. అందుకే దానితో చిక్కు. పది డెసిబెళ్లు పెరిగితే ఎవరైనా “అమ్మో, వాల్యూమ్ తగ్గించు” అంటారు. ఒకటి రెండు పెరిగితే వాల్యూమ్ పెరిగిందని తోచదు. గొంతులో జీవం వచ్చినట్టు, తెర తొలగినట్టు అనిపిస్తుంది. అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్‌సన్ 1933లో గీసిన వక్రరేఖల్లో ఇందుకు కారణం ఉంది. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవి లోతైన బాస్‌ను, బాగా సన్నటి స్వరాలను మధ్యస్వరాలంత సులువుగా పట్టుకోదు. శబ్దం పెరిగేకొద్దీ ఆ రెండు చివరలూ, ముఖ్యంగా బాస్, పుంజుకుంటాయి. అందుచేత కాస్త గట్టిగా పలికే ప్లేయర్‌లో మృదంగం నిండుగా ఉంటుంది, తాళాల మోత మెరుస్తుంది. ఆ ఘనత ప్లేయర్‌ది కాదు, చెవిది.

కాబట్టి పోలికలో మొదటి పని రెండింటినీ ఒకే మట్టానికి తేవడం. చెవితో సరిపెడితే కుదరదు, మల్టీమీటర్ కావాలి. కంప్యూటర్లో 300 హెర్ట్జ్‌ల స్వరం ఒకటి తయారుచేసి రెండు ప్లేయర్లలోకీ ఎక్కించాం. ఒక పిన్ను రెండుగా చీలే చిన్న తీగ తీసుకుని, ఒక కొసకు ఇయర్‌ఫోన్లు, రెండో కొసకు మీటరు తీగలు ఆనించాం. మీటరు ఏసీ వోల్టుల్లో ఉండాలి. 300 హెర్ట్జ్‌లే ఎందుకంటే, చవకరకం మీటర్లు చాలావరకు 400 దాటాక సరిగ్గా చూపించవు. ఇయర్‌ఫోన్లు తీసేసి కొలిస్తే వచ్చే అంకె కూడా పనికిరాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఒకటి 200 మిల్లీవోల్టులు చూపిస్తే రెండోది 198కీ 202కీ మధ్య ఉండాలి. అప్పుడు తేడా 0.1 డెసిబెల్ లోపలికి వస్తుంది.

చిన్న ప్లేయర్ ఇక్కడే మొండికేసింది. వాల్యూమ్ మీట ఒకసారి నొక్కితే 187 మిల్లీవోల్టులు, ఇంకోసారి నొక్కితే 235. మధ్యలో ఏమీ లేదు. ఒక్కో నొక్కుకు 2 డెసిబెళ్ల గంతు. రాత్రిపూట మెల్లగా వినేవాళ్లకు ఇది రోజూ ఉండే బాధ: ఒక మెట్టు దిగితే వినపడదు, ఒక మెట్టు ఎక్కితే ఎక్కువ. చివరికి పెద్దదానిలో వేసే ఫైళ్ల స్థాయినే కంప్యూటర్లో కాస్త సవరించి లెక్క సరిచేశాం.

రెండో పని, ఏది మోగుతోందో వినేవాడికి తెలియకుండా చూడటం. ముందు ‘ఎ’ వినిపించాలి, తర్వాత ‘బి’, ఆ తర్వాత ఆ రెండింటిలో ఏదో ఒకటి ‘ఎక్స్’ పేరుతో. ఎక్స్ ఏదో అతను చెప్పాలి. ఈ పద్ధతిని 1950లోనే బెల్ ల్యాబ్స్ వాళ్లు వివరించారు. 16 సార్లు అడిగితే కనీసం 12 సరిగ్గా చెప్పాలి. గుడ్డిగా చెబుతూ 12 గానీ అంతకు మించి గానీ సాధించే అవకాశం నూటికి 4 కన్నా తక్కువ. మా వాడు 9 చెప్పాడు. నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయి.

అతను ఒప్పుకోలేదు. “తేడా ఉంది, నీ ఇయర్‌ఫోన్లే దద్దమ్మలు” అన్నాడు. అందులో సగం నిజం ఉంది, ఆ సగం దగ్గరికి వస్తాను.

ముందు అతను చెప్పిన కారణం చూద్దాం. పెద్ద ప్లేయర్ పెట్టె మీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌లు అని రాసి ఉంది. ఇక్కడ కిలోహెర్ట్జ్‌లంటే శబ్దం నుంచి సెకనుకు ఎన్ని వేల నమూనాలు తీశారో, బిట్లంటే ఒక్కో నమూనాను ఎంత సూక్ష్మంగా రాశారో. సీడీలో ఉండేవి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లు. అంకెల్లో ఎంతో పెద్ద తేడా. అయితే సెకనుకు 44,100 నమూనాలు తీస్తే 22 కిలోహెర్ట్జ్‌ల దాకా ఉన్న ప్రతి స్వరాన్నీ తిరిగి నిర్మించవచ్చని గణితం చెబుతోంది. పసిపిల్లలకు కూడా మామూలుగా 20 కిలోహెర్ట్జ్‌లు దాటి వినపడదు, వయసుతో పాటు ఆ హద్దు ఇంకా దిగుతుంది. 16 బిట్లు చాలు, అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల జాగా వస్తుంది. మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన పరీక్షలో, హై రిజల్యూషన్ రికార్డింగును నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276, అంటే 49.8 శాతం. తర్వాత 2016లో జాషువా రైస్ అనే పరిశోధకుడు 18 అధ్యయనాలను కలిపి లెక్కిస్తే 52.3 శాతం వచ్చింది. తేడా బొత్తిగా సున్నా కాదు, కానీ పెట్టె మీద అచ్చువేసుకునేంత అంకె కూడా కాదు. అయినా ఆ మోజుకు బలం తక్కువేమీ లేదు. గాయకుడు నీల్ యంగ్ 2014లో 192 కిలోహెర్ట్జ్‌ల పోనో ప్లేయర్ కోసం కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో జనాన్ని అడిగితే 60 లక్షల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. ఆ ప్లేయర్ ముక్కోణపు కడ్డీలా ఉండేది. టేబుల్ మీద చక్కగా నిలబడుతుంది. జేబు అనేది చదునుగా ఉంటుందని గీసినవాళ్లకు ఎందుకు తట్టలేదో మరి.

ఇప్పుడు ఆ సగం నిజం. మేము మొదట వాడినవి మామూలు 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు (ఓమ్ అంటే కరెంటుకు ఉండే అడ్డుకు కొలత). వాటిని తీసేసి, చెవి లోపలికి దిగే, ఒక్కో చెవికి మూడేసి చిన్న స్పీకర్లున్న రకం పెట్టాం. మట్టం మళ్లీ కొలిచి సరిచేశాం. ఈసారి మా వాడు 16కి 16 చెప్పాడు.

రహస్యం డిజిటల్ చిప్పులో లేదు, దాని తర్వాత ఉండే యాంప్లిఫయర్ కొసన ఉంది. ప్రతి ప్లేయర్‌కూ బయటికి వచ్చే దారిలో కొంత అడ్డు ఉంటుంది. దాన్నే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అంటారు. యాంప్లిఫయర్ ఇచ్చే వోల్టేజిని ఆ అడ్డూ ఇయర్‌ఫోన్లూ వాటాలు వేసుకుంటాయి. పెద్ద ప్లేయర్‌లో అది 10 ఓమ్‌లు, చిన్నదానిలో 1 ఓమ్. మామూలు ఇయర్‌ఫోన్ల ఇంపిడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఇంచుమించు 32 ఓమ్‌లే కాబట్టి పెద్ద ప్లేయర్ తినేసే వాటా కూడా అంతటా ఒకటే. వాల్యూమ్ కాస్త తగ్గుతుందంతే, పాట రూపం మారదు. మూడు స్పీకర్ల రకం అలా కాదు. ఒక స్వరం దగ్గర 8 ఓమ్‌లుంటే ఇంకో స్వరం దగ్గర 40 ఉంటుంది. 10 ఓమ్‌ల ప్లేయర్‌తో మొదటి స్వరానికి అందేది 18లో 8 వంతులు, రెండోదానికి 50లో 40 వంతులు. ఈ రెంటి మధ్య 5 డెసిబెళ్ల తేడా! ఎవరూ ఈక్వలైజర్ ముట్టుకోలేదు, పాట మాత్రం మారిపోయింది. 1 ఓమ్ ప్లేయర్‌తో అదే లెక్క వేస్తే తేడా 0.8 డెసిబెల్. ఇయర్‌ఫోన్లు తీసేసి కొలవకూడదన్నది ఇందుకే: వాటా పుచ్చుకునేవాడు లేకపోతే కోత కనపడదు.

కాబట్టి ప్లేయర్ ఇంపిడెన్స్ ఇయర్‌ఫోన్ల ఇంపిడెన్స్‌లో 8వ వంతుకు మించకుండా చూసుకోవాలని ఈ రంగంలో ఒక మోటు లెక్క. తమాషా ఏమిటంటే, ఈ అంకెను పెట్టె మీద వేసేవాళ్లు అరుదు. ఇంకో తమాషా, మా వాడికి నచ్చింది రూపం మారిన పాటే. సన్నటి స్వరాలు అణగడం వల్ల అతనికది మెత్తగా అనిపించింది. తప్పుగా పలికేది నచ్చకూడదని శాస్త్రంలో ఎక్కడా లేదు. అది ఆ ప్లేయర్, ఆ ఇయర్‌ఫోన్లు కలిసినప్పటి గుణమే తప్ప ప్లేయర్ ఒక్కదాని గుణం కాదని తెలిస్తే చాలు.

ఇలాంటిదే మరొకటి. కొన్ని పాత ప్లేయర్లలో ఇయర్‌ఫోన్ల దారిలో ఒక కెపాసిటర్ (లోతైన స్వరాలను కొంత ఆపే భాగం) అడ్డంగా ఉండేది. అది 220 మైక్రోఫారడ్‌లదైతే, 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లతో 45 హెర్ట్జ్‌ల దగ్గరికే బాస్ 3 డెసిబెళ్లు పడిపోతుంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లతో ఆ పతనం 2 హెర్ట్జ్‌ల చిల్లరకు, అంటే చెవికి అందని చోటికి జరిగిపోతుంది. అదే ప్లేయర్‌ను ఒకరు బాస్ లేదని తిట్టేవారు, ఇంకొకరు భేష్ అనేవారు. ఇద్దరిదీ నిజమే. ఇక పాట మొదలవకముందు వినపడే సుయ్‌మనే రొద సంగతి: ఇయర్‌ఫోన్లు ఎంత చురుకైనవైతే అంత బాగా వినపడుతుంది. దాన్ని కొలవడానికి మీటరు అక్కర్లేదు, నిశ్శబ్దమైన గదిలో ఖాళీ ఫైలు ఒకటి నడిపితే తెలిసిపోతుంది.

ధ్వని సంగతి ఇంత దూరం సాగదీశాను గానీ, ఏడాదిపాటు వాడాక మనిషిని విసిగించేవి వేరే ఉంటాయి. 1998లో వచ్చిన డైమండ్ రియో ప్లేయర్‌లో జ్ఞాపకం 32 మెగాబైట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3లతో నింపితే అరగంట దాటి కొద్దిసేపు వస్తుంది. ఏడెనిమిది పాటల్లో వెతికేదేముంది? ముందుకు, వెనక్కు మీటలు చాలు. 2001 అక్టోబరులో యాపిల్ తొలి ఐపాడ్‌ను 5 గిగాబైట్ల హార్డ్ డిస్క్‌తో ప్రకటించింది. రియో మొత్తం ఆస్తి అయిన ఆ 32 మెగాబైట్లు ఐపాడ్‌లో తాత్కాలిక నిల్వ మాత్రమే. రాబోయే పాటలను అందులో పోసేసి డిస్క్‌ను నిద్రపుచ్చితే బ్యాటరీ ఆదా అయ్యేది. వెయ్యి పాటలు జేబులోకి వచ్చాక అసలు ప్రశ్న తలెత్తింది: కావలసిన పాట దొరికేదెలా? దానికి జవాబు చక్రం. బొటనవేలు మెల్లగా తిప్పితే ఒక్కో వరస, జోరుగా తిప్పితే జాబితా పరుగు. నా దృష్టిలో ఆ చక్రం ఏ డాక్ చిప్పు (అంకెలను శబ్దంగా మార్చేది) కన్నా గొప్పది.

అదే సంస్థ 2009లో ఐపాడ్ షఫుల్‌ను మరీ చిన్నది చేయబోయి ఒంటిమీద మీటలన్నీ తీసేసి ఇయర్‌ఫోన్ల తీగ మీదికి ఎక్కించింది. వేరే మామూలు ఇయర్‌ఫోన్లు పెడితే పాట మార్చడానికి, శబ్దం తగ్గించడానికి దారే లేదు. నచ్చిన ఇయర్‌ఫోన్లు వాడుకునే హక్కు ఆ మీటలు తీసేయడంతో పోయింది. మరుసటి ఏడాదే మీటలు తిరిగొచ్చాయి.

నేను కొన్న ఒక ప్లేయర్‌కు (పేరు వద్దులెండి) వాల్యూమ్ కోసం పక్కన ముద్దొచ్చే ఇత్తడి రంగు చక్రం ఉండేది. వేలికి సన్నని గాట్లు తగిలేవి. ఒకరోజు జేబులో గుడ్డకు రాసుకుని అదే తిరిగిపోయి, పాట చెవిలో పేలింది. చొక్కా పట్టుకుని వెతుక్కుంటూ పిన్ను పీకేసేసరికి చెవులు గింగురుమన్నాయి. పెద్దలకు వారానికి 80 డెసిబెళ్లు 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకూ ఆ గంటలు సగమవుతాయి. 92 డెసిబెళ్లకు మిగిలేవి రెండున్నర గంటలు. జేబులో మీటలను బిగించే చిన్న స్విచ్ ఉందా లేదా అన్నది ఆ రోజు నుంచీ నా మొదటి ప్రశ్న.

రెండు పాటల మధ్య వచ్చే వెలితి మరో విసుగు. కచేరీ రికార్డింగులో రాగం నుంచి తానంలోకి జారే చోట ‘టుక్’మని ఓ గుంట పడుతుంది. ఎంపీ3 శబ్దాన్ని 1152 నమూనాల ముక్కలుగా కోస్తుంది, ఒక్కోటీ 26 మిల్లీసెకన్లు. పాట సరిగ్గా ముక్క అంచున ముగియదు కదా, మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతారు. పాటను ఎంపీ3గా మార్చే లేమ్ లాంటి ఎన్‌కోడర్లు ఎంత నింపాయో ఫైలు మొదట్లోనే రాసిపెడతాయి. చదివి కత్తిరించడం ప్లేయర్ పని. కొన్ని చదవవు. ఖరీదైనవి కూడా. తెలుగు పేర్ల బదులు డబ్బాలు చూపించే ప్లేయర్ల గురించి అయితే చెప్పనే అక్కర్లేదు. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం ఔత్సాహికులు మొదలెట్టిన రాక్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ఇలాంటి లోపాల మీది విసుగులోంచే పెరిగింది. నా చిన్న ప్లేయర్‌లో అది ఎక్కించాక వెలితి పోయింది, వాల్యూమ్ గంతులు కూడా 1 డెసిబెల్‌కు దిగాయి.

మొన్న మా వాడు తీగల్లేని కొత్త ఇయర్‌ఫోన్లు తెచ్చి, వీటికి ఏ ప్లేయర్ బాగుంటుందని అడిగాడు. బ్లూటూత్‌లో ప్లేయర్ నుంచి బయల్దేరేది అంకెలే. వాటిని శబ్దంగా మార్చే చిప్పూ, యాంప్లిఫయరూ ఇయర్‌ఫోన్లలోనే ఉంటాయి. పాటను కుదించి పంపే పద్ధతుల్లో పెద్ద ప్లేయర్‌కు ఎల్‌డాక్ వచ్చు, సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు. అతని ఇయర్‌ఫోన్లకు అది రాదు. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసింది ఎస్‌బీసీ ఒక్కటే, 328 కిలోబిట్ల దగ్గర. అతను అప్పటికే మల్టీమీటర్ బయటికి తీశాడు. తీగలు ఆనించడానికి చోటెక్కడుంది?