గుండంలో నీడ, రాతి మీద నాచు: అడవిబాటలో వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

వృక్షశాస్త్రం బోధించే వృత్తిలో ఉన్నందువల్ల ఏటా వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో విద్యార్థులను మారేడుమిల్లి, అనంతగిరి అడవులకు తీసుకువెళుతుంటాను. కదలని నీళ్లలో చెట్ల నీడలు, బాట పొడవునా రాళ్లను కప్పేసిన పచ్చదనం చూడగానే పిల్లల మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. ఆ తరువాత మొదలయ్యే ప్రశ్నల్లో పదేపదే ఎదురయ్యే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాచు పట్టిందంటే అక్కడ మురికి చేరిందని అర్థం.

వాస్తవం: ఈ చిక్కు కొంతవరకు మన మాటలోనే ఉంది. చెరువు మీద తెట్టు కట్టేదాన్నీ, స్నానాలగది గచ్చు మీద జారేదాన్నీ, అడవిలో బండరాతిని మఖమలులా కప్పేదాన్నీ మనం నాచనో పాచనో అనేస్తాం. మొదటి రెండూ సాధారణంగా శైవలాలు, అంటే ఆల్గే. మూడోది మాస్, అంటే చిన్నదైనా కాండమూ ఆకులూ ఉన్న మొక్క. దానికి నిజమైన వేళ్లు లేవు, రాతిని పట్టుకునే సన్నని తంతువులు మాత్రమే ఉన్నాయి. వాననీటినీ మంచునూ అది చాలావరకు ఆకుల ద్వారానే పీల్చుకుంటుంది కాబట్టి, గాలిలోని కాలుష్యం కూడా నేరుగా దాని ఒంట్లోకి చేరుతుంది. అందుకే చాలా మాస్ జాతులు మురికి గాలిని తట్టుకోలేవు. జపాన్‌లోని క్యోటో నగరంలో సైహోజీ అనే బౌద్ధాలయపు తోటను 1339లో జెన్ బౌద్ధ గురువు ముసో సోసెకి తీర్చిదిద్దినప్పుడు మాస్ దాని ప్రధాన ఆకర్షణ కాదు. ఆలనాపాలనా తగ్గిన కాలంలో అది తనంతట తానుగా కొలను చుట్టూ అల్లుకుంది. నేడు అక్కడ దాదాపు 120 రకాల మాస్ ఉన్నందువల్లే ఆ ఆలయాన్ని నాచు ఆలయమని పిలుస్తున్నారు.

అపోహ: నాచు చెట్టు రసం పీల్చి దాన్ని చంపేస్తుంది.

వాస్తవం: మామిడి కొమ్మను పీల్చి తినే బదనికతో దీన్ని పోల్చకూడదు. మాస్‌కు బెరడు కూర్చునే చోటు మాత్రమే.

అపోహ: వేసవిలో గోధుమరంగుకు తిరిగిన నాచు చచ్చిపోయినట్టే.

వాస్తవం: నాకు అత్యంత ఇష్టమైన పాఠం ఇదే. మార్చి నెలలో వెళ్లినప్పుడు, పొడిపొడిగా రాలిపోయేలా ఉన్న మాస్ మీద సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు వేసి, భూతద్దం విద్యార్థుల చేతికిస్తాను. కాండానికి మెలికలు తిరిగి అతుక్కుని ఉన్న ఆకులు ఒక్కొక్కటిగా విచ్చుకుంటూ, చూస్తుండగానే పచ్చబడతాయి. మాస్ ఆకు చాలా జాతుల్లో ఒకే ఒక్క కణం మందం ఉంటుంది గనుక నీరు లోపలికి చేరడానికి నిమిషాలు చాలు. గాలి ఆరినప్పుడు దానితోపాటే ఆరిపోయి, జీవక్రియలను నిలిపివేసి, చక్కెరల సాయంతో కణపొరలను కాపాడుకోవడం, తడి తగలగానే ముందు శ్వాసక్రియనూ ఆపైన కిరణజన్య సంయోగక్రియనూ అందుకోవడం ఈ మొక్క ప్రత్యేకత.

అపోహ: దారి తప్పితే నాచు ఉన్న వైపును ఉత్తరంగా భావించవచ్చు.

వాస్తవం: ఇది ఉత్తరాన ఉన్న చలిదేశాల మాట. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి చెట్టుకు ఉత్తరం వైపు ఎండ తగలక తడి నిలుస్తుందని ఆ నమ్మకం, అక్కడ కూడా అది పూర్తిగా నమ్మదగినది కాదు. మన కనుమలు దాదాపు 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నందున, మే నడిమి నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. తడి ఎక్కడ నిలిస్తే మాస్ అక్కడే పెరుగుతుంది.

అపోహ: నల్లగా నిగనిగలాడే గుండానికి అడుగు ఉండదు, అడుగు స్పష్టంగా కనిపించే గుండంలో భయం లేదు.

వాస్తవం: ఈ రెండు మాటలూ తప్పే, రెండోది ప్రాణాంతకం కూడా. రాలిన ఆకులు నానితే వాటిలోని టానిన్లనే వగరు పదార్థాల వల్ల నీటికి టీ డికాషన్ రంగు వస్తుంది. నీటిపైకి నిట్టనిలువుగా పడే వెలుగులో పరావర్తనం చెందేది సుమారు 2 శాతమే. ఏటవాలుగా చూసేకొద్దీ అది పెరుగుతుంది. అడుగు నుంచి వెలుగు రాని చోట ఆ కొద్దిపాటి వెలుగే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి, కుళ్లిన ఆకుల మీద జానెడు నీళ్లు నిలిచినా చాలు, అద్దమవుతుంది. ఆ నీడ కూడా మనం చూస్తున్న దృశ్యానికి నకలు కాదు: మన కన్ను నీటిపైన ఎంత ఎత్తులో ఉందో, నీటి కింద అంతే లోతు నుంచి పైకి చూసినట్టు ఉంటుంది. అందుకే గట్టు మీద నిలబడితే కనిపించని కొమ్మల అడుగుభాగం, ఆకుల వెనుకవైపు ఈనెలు నీడలో కనిపిస్తాయి. ఇక తేటనీటి విషయానికొస్తే, నీటిలోంచి బయటికి వచ్చే వెలుగు వంగడం (వక్రీభవనం) వల్ల నాలుగడుగుల లోతు నేరుగా పైనుంచి చూసినా మూడడుగులుగానే తోస్తుంది, గట్టు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనిపిస్తుంది. మోకాలి లోతే అనుకుని దిగిన మా విద్యార్థి ఒకరు నడుము దాటి మునిగినప్పటి నుంచి, కర్రతో లోతు చూడనిదే ఎవరినీ నీళ్లలో దిగనివ్వడం లేదు.

అపోహ: కుండీ కోసం గుప్పెడు నాచు తెచ్చుకుంటే అడవికి నష్టమేమీ లేదు.

వాస్తవం: మాస్ పొర కింద అది ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పలుచని మట్టి ఉంటుంది. పొరను ఊడదీస్తే తరువాతి వానకు ఆ మట్టి కొట్టుకుపోతుంది, దానితోపాటు ఫెర్న్ మొక్కలు మొలిచే చోటూ పోతుంది. బాట పక్కన ఒక బండ మీద ఎవరో అరచేతి మేర పెళ్లగించిన చోటును మూడేళ్లుగా గమనిస్తున్నాను. అంచుల నుంచి పచ్చదనం చిటికెనవేలి గోరంత వెడల్పున లోపలికి వచ్చింది. నడుమ రాయి ఇంకా బోసిగానే ఉంది.