జీరో టికెట్ వచ్చింది, బస్సు రావాలి

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ వరకు అయిదు రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం దక్కినప్పటి నుంచి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బస్సు మొహం చూడని ఊళ్ల పాత ప్రశ్న మళ్లీ పదునెక్కింది. జీరో టికెట్ ఇచ్చే కండక్టరు పొలిమేర దాకా రాని ఊరికి ఆ టికెట్‌తో పనేముంది? ప్రయాణికులు ముందుగా చెప్పుకుంటే ఆ వేళకు బస్సు పంపాలన్న ఆలోచనకు బలం ఇక్కడి నుంచే వస్తోంది. ఆర్టీసీ పుట్టుక, జాతీయీకరణ అందరూ ఎరిగిన సంగతులే. ఇప్పటి పేచీకి మూలం మాత్రం 2013 జనవరిలో ఉంది.

ఆ నెలలో కేంద్రం డీజిల్‌ను టోకున కొనే సంస్థలకు రాయితీ ఎత్తివేయడంతో లీటరుకు సుమారు 10 రూపాయల అదనపు భారం ఆర్టీసీల మీద పడింది. సొంత డిపోలో నింపుకునే డీజిల్ కంటే బయటి బంకులో పోయించుకునేదే చవక అయిన వింత అప్పటిదే; 2022లో అదే వింత తిరిగొచ్చి, ఏప్రిల్‌లో పల్లెవెలుగు టికెట్ మీద 2 రూపాయల డీజిల్ సెస్సుగా తేలింది. ఆక్యుపెన్సీ (సీట్లు ఎంత మేర నిండాయి), ఈపీకే (కిలోమీటరుకు వచ్చే రాబడి) లెక్కలు అంతకుముందు లేవని కాదు. అయితే ట్రిప్పు వేయాలా వద్దా అన్నప్పుడు ఊరి అవసరం వెనక్కిపోయి, కిలోమీటరుకు ఎంత వస్తుందన్నది మొదటి ప్రశ్న అయింది ఆ దెబ్బతోనే. ఆ తూకంలో, రాత్రి ఊళ్లో ఆగి తెల్లవారుజామున బయలుదేరే నైట్‌హాల్ట్ బస్సు ఎప్పుడూ తేలికే.

సంస్థ తన పక్షాన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోని 22వ సెక్షన్‌ను, అంటే వ్యాపార సూత్రాలపై నడవాలన్న నియమాన్ని చూపవచ్చు. చాలినంత రవాణా కల్పించడం సంస్థ విధి అని చెప్పే 18వ సెక్షన్ కూడా అదే చట్టంలో ఉంది. పైగా 2020 జనవరి 1న ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యాక వ్యాపార సూత్రాల వాదనలో మునుపటి బిగువు లేదు.

కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చూస్తే ఊరి అవసరం ఎంతటిదో బాగా తెలుస్తుంది. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హైవే మీద బస్సులకు కొదవ లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఊళ్ల నుంచి ఆ హైవే దాకా చేరడమే కష్టం. డయాలసిస్ రోగి సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు వెళ్లి, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మంచం మీద ఉండి, నీరసంతో తిరిగి రావాలి. ఎవరు, ఏ ఊరి నుంచి, ఏ రోజు, ఏ వేళకు వెళతారో ముందే తెలిసిన ప్రయాణం ఇది. అయినా రోగి, తోడు వచ్చే మనిషి సర్వీసు ఆటో నిండే దాకా రోడ్డు పక్కన కూర్చోవలసిందే.

అడిగితే బస్సు పంపడం ఆర్టీసీకి కొత్త విద్య కాదు. పెళ్లిళ్లకు పంపుతూనే ఉంది. చిక్కల్లా టికెట్ దగ్గరే. బస్సు మొత్తాన్ని ఒకరే మాట్లాడుకుంటే 1988 మోటారు వాహనాల చట్టం దాన్ని కాంట్రాక్ట్ క్యారేజీ అంటుంది. మనిషికింత అని విడివిడిగా వసూలు చేస్తే స్టేజ్ క్యారేజీ. పిలిస్తే వచ్చే బస్సు మొదటిదానిలా కదిలి రెండోదానిలా టికెట్ కొడుతుంది. (ముగ్గురిని ఎక్కించుకోవలసిన ఆటో ఏళ్ల తరబడి బస్సు పని చేస్తున్నా ఈ సందేహం ఎవరికీ రాలేదు.) అలాంటి బస్సు అసాధ్యమేమీ కాదు: ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ గ్రామాల్లో ముందుగా బుక్ చేసుకునే కాల్‌కనెక్ట్ బస్సులు 2001 నుంచి తిరుగుతున్నాయి.

ఆటోవాళ్లకు తమ రాబడి పోతుందన్న భయం ఉంది. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం వారికి 15 వేల రూపాయల చొప్పున సాయం మొదలుపెట్టింది కూడా. డిపోల ముందున్న ప్రశ్న వేరు: ముగ్గురే ఫోన్ చేసిన రోజున బస్సు కదులుతుందా, కదిలితే తోటల దాకా ఖాళీగా పోయిన కిలోమీటర్లు ఎవరి ఖాతాలో రాస్తారు?