ఆరోగ్యశ్రీ పరిమితి పెరిగింది, మందుల ఖర్చు మాత్రం జేబు నుంచే

పేద కుటుంబాలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. అయినా హైదరాబాద్‌లో వైద్యం ఖర్చుల గొడవ సద్దుమణగలేదు. దాని మూలాలు ఈ పథకం పుట్టుకలోనే ఉన్నాయి.

ఒకప్పుడు జబ్బు ముదిరితే ఉస్మానియా, గాంధీ, నిమ్స్... ఇవే దిక్కు. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో వచ్చింది. ఆ తర్వాత కార్పొరేట్ ఆస్పత్రులు వరసకట్టాయి. పెద్ద ఆపరేషన్లు ఊళ్లోనే జరగడం మొదలైంది, కానీ డబ్బున్నవాళ్లకే. లేనివాళ్లు సీఎం సహాయ నిధి కోసం దరఖాస్తులు పట్టుకుని నాయకుల చుట్టూ తిరిగేవారు.

ఆ తిప్పలు తప్పించడానికే 2007 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చింది. ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి రూ.2 లక్షల దాకా వైద్యం ఉచితం. కూలి పనిచేసే మనిషికి కార్పొరేట్ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ చేయించిన పథకమిది, ఆ మేలును ఎవరూ కాదనలేరు. కానీ అది అల్లుకున్నది ఆపరేషన్లు, అడ్మిషన్ల చుట్టూ. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలు, ఓపీలో రాసిచ్చే పరీక్షలు బయటే ఉండిపోయాయి. సర్కారు సొమ్ములో పెద్ద వాటా ప్రైవేటు ఆస్పత్రులకు వెళ్లింది. ఉస్మానియా పాత భవనం పెచ్చులూడుతూనే ఉంది. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాక దాన్ని ఖాళీ చేయించారు. కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025లో.

ప్రైవేటు బిల్లులకు కళ్లెం వేయవచ్చని కూడా ఆ 2020లోనే తేలింది. కొవిడ్ రోగులకు రోజుకు మామూలు వార్డులో రూ.4,000, ఐసీయూలో రూ.7,500, వెంటిలేటర్ పెడితే రూ.9,000 అని ప్రభుత్వం రేట్లు కట్టింది. ఎక్కువ గుంజుతున్నారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కొన్ని ఆస్పత్రులకు కొవిడ్ చికిత్స అనుమతి కూడా రద్దయింది. మిగతా జబ్బులకు అలాంటి రేట్లు ఎందుకు ఉండకూడదో ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇటు ప్రభుత్వం చెల్లించాల్సిన బకాయిలు పేరుకుపోయి, 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆస్పత్రులు (ఈ పథకంలో చేరిన ప్రైవేటు ఆస్పత్రులు) ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. పేషెంట్లకు మళ్లీ టెన్షన్. పరిమితి ఎంత పెంచినా, బిల్లు అందని ఆస్పత్రి పేషెంటును చేర్చుకోదు.

నా దృష్టిలో అసలు సంస్కరణ 2018లో మొదలైన బస్తీ దవాఖానాలే, అంటే బస్తీల్లోని చిన్న సర్కారు క్లినిక్‌లే. అక్కడ డాక్టరు చూస్తారు, మందులిస్తారు, పరీక్షలకు రక్తం తీసుకుంటారు, అంతా ఉచితం. షుగర్‌ను అక్కడే అదుపులో పెడితే, రేపు డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లు తగ్గుతారు. ఆరోగ్యశ్రీ బడ్జెట్ పెంచిన ప్రతిసారీ ఈ దవాఖానాలకూ డాక్టర్లను, మందులను పెంచాలి.